గడప ఒకచోట, మిద్దె ఒకచోట

"అమ్మమ్మా, మన ఇల్లు విరిగిపోయింది!" అని మా మనవడు కేక పెట్టేసరికి నా చేతిలో గరిటె జారి మూకుట్లో పడింది. మేము వుండేది పెద్ద అంబర్‌పేట్‌లో. విజయవాడ రోడ్డూ, ఔటర్ రింగు రోడ్డూ కలిసే చోటికి కూతవేటు దూరం. రాత్రనక పగలనక లారీలు పోతూనే వుంటాయి. ఇల్లు విరిగిందనగానే ఏ లారీయో వచ్చి గోడకి గుద్దిందనే అనుకున్నాను. మాది మూడో అంతస్తు అన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు లెండి.

పరుగెత్తుకు వెళ్ళి చూస్తే వాడు తాపీగా కంప్యూటరు ముందు కూర్చుని వున్నాడు. విరిగిన ఇల్లు ఆ తెరమీద వుంది. కొండ పక్కన ఒక గడప ఒంటరిగా నిలబడి వుంది. దాని ఇల్లు, అంటే గోడలూ మిద్దే అరుగూ తులసికోటా అన్నీ, ఎక్కడో కింద ఏటిగట్టునే వుండిపోయాయి. ఏటి నీళ్ళు వాటి మోకాళ్ళ దాకా వచ్చాయి.

"గడపని జరుపు అన్నాను. జరిగింది. మిగతావి వస్తాయనుకున్నా" అన్నాడు బిక్కమొహం పెట్టి.

ఈ పేజీలో నెలకోసారైనా ఆవకాయ గురించో, అత్తాకోడళ్ళ గురించో రాసే నేను కంప్యూటరు ఆటల జోలికి ఎందుకు వచ్చానా అని మీలో కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి. కాని ఆ తెరమీద వున్నది ఎవరి ఇల్లో ముందు చెప్పాలి. అది మా ఇల్లే. 1981లో శ్రీశైలం జలాశయం కిందికి పోయిన మా పుట్టింటి మిద్దె. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లికి నడిచి పోగలిగినంత దూరంలో మా వూరు వుండేది. ఆ వూరి పేరు ఇప్పుడు ఏ పటంలోనూ లేదు కనుక చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

రాత్రిపూట వీడికి కథలు చెప్పమంటే రాజుగారి ఏడుగురు కొడుకులు మొదటి వారంలోనే అయిపోయారు. ఆ తరవాత మా వూరి సంగతులు మొదలుపెట్టాను. వాడు అన్నీ విని, "నేను మీ వూరు కడతాను అమ్మమ్మా. ఏరు పొంగుతూ వుంటుంది. ఆడేవాళ్ళు నీళ్ళు రాకముందే ఇళ్ళన్నీ కొండమీదికి చేర్చాలి. అదీ ఆట" అన్నాడు. పిల్లలు తమ ఆటలు తామే కట్టుకునే వసతి ఒకటి వున్నదిట, రోబ్లాక్స్ అని. అందులో ఇటుకలవంటి దిమ్మెలు పేర్చి ఇల్లు కట్టవచ్చు. అవి ఎప్పుడు ఎలా కదలాలో ఆజ్ఞలు రాయవచ్చు. ఆ ఆజ్ఞలు రాసే భాషకి మూలం లువా. 1993లో బ్రెజిల్ దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడివాళ్ళ పోర్చుగీసు భాషలో లువా అంటే చందమామ. ఈ ముక్క వినగానే నాకు ఆ భాషమీద కాస్త అభిమానం కలిగింది. చందమామ చదివి పెరిగినవాళ్ళం కదా.

ఇక వాడి ఇల్లు ఎందుకు విరిగిందో చూడండి. ఆ ఆటలోకంలో ప్రతి దిమ్మెకీ ఒక చిరునామా వుంటుంది. మూడు అంకెలు: తూర్పు పడమరలకి ఒకటి, ఎత్తుకి ఒకటి, ఉత్తర దక్షిణాలకి ఒకటి. గడప చిరునామా 100, 5, 40 అనుకోండి. దాన్ని 300, 65, 90కి పొమ్మంటే పోతుంది. కాని గడపకి గోడ చుట్టమని కంప్యూటరుకి ఎవరు చెప్పారు? మన కంటికి అది ఇల్లు. దానికి మాత్రం రెండువందల పన్నెండు దిమ్మెలు. ఎవరి చిరునామా వాళ్ళది.

"అయితే అన్నిటినీ ఒక గుంపుగా కట్టి, గుంపులో వున్న ప్రతిదాన్నీ 300, 65, 90కి పొమ్మంటా" అన్నాడు వాడు. అని, అన్నంత పనీ చేశాడు. ఈసారి ఇల్లు విరగలేదు, నలిగింది. గోడలూ దూలాలూ తలుపులూ గాదే అన్నీ ఒకదానిలో ఒకటి దూరి, పండగ ముందు రోజున విజయవాడ బస్సులో జనంలా ఒకే చోట ఇరుక్కున్నాయి. అన్నిటికీ ఒకే సీటు నంబరు ఇస్తే ఇంకేమవుతుంది!

వాడు ఏడుపు మొహం పెట్టాడు. నాకు లెక్కలు రావు. వచ్చినవి వంటింటి లెక్కలే. వాణ్ణి వంటింట్లోకి పిలిచి పోపులపెట్టె చేతికిచ్చాను.

"ఇందులో ఆవాలు ఎక్కడున్నాయిరా?"

"ఇదుగో, జీలకర్ర పక్కన."

"పెట్టె తీసుకువెళ్ళి హాల్లో బల్లమీద పెట్టు. ఇప్పుడు ఆవాలు ఎక్కడున్నాయి?"

"హాల్లో... కాదు, జీలకర్ర పక్కనే."

అంతే. ఆవాలగిన్నె వంటింట్లో తూర్పుగోడకి ఎన్ని అంగుళాల దూరంలో వుందో ఈ ముప్ఫై ఏళ్ళలో నేను ఒక్కనాడూ అనుకోలేదు. నడిమి గిన్నెలో మినప్పప్పు, దానికి ఎడమన ఆవాలు, కుడిన మెంతులు. కళ్ళు మూసుకుని పోపు పెట్టగలను. మేము ఎన్ని ఇళ్ళు మారినా, పెట్టె ఎక్కడ దిగినా, నా చెయ్యి తప్పలేదు.

వాడికి వెలిగింది. నాకు వివరించి చెప్పినప్పుడు వాడి కళ్ళు చూడాలి! ఇంటికి పెద్దగా ఒక దిమ్మెని ఎంచుకోవాలి. వాడు గడపనే ఎంచుకున్నాడు. తక్కినవి గడప నుంచి ఎంత దూరంలో వున్నాయో తీసివేత వేసుకోవాలి. గడప 100, 5, 40. తులసికోట 108, 5, 34. తేడా తూర్పుకి ఎనిమిది, ఎత్తులో సున్న, మూడో వరసలో వెనక్కి ఆరు. ఇక గడప 300, 65, 90కి వెళ్ళిందా, ఆ తేడాని దానికి కలపాలి. తులసికోట 308, 65, 84కి పోయి కూర్చుంటుంది. రెండువందల పన్నెండు దిమ్మెలకీ ఇదే లెక్క. ఒకటో తరగతి కూడికలూ తీసివేతలే. మీట నొక్కాడు. మా మిద్దె, అరుగుతో సహా, గవాక్షంతో సహా, చెక్కుచెదరకుండా కొండమీద వాలింది.

నేను కాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్ళ పైచిలుకు అయింది ఆ అరుగు చూసి.

అక్కడితో అయిపోలేదు. కొండమీద బాట ఉత్తరాన వుంది. మా మిద్దె తూర్పు మొహం. ఇంటిని బాటవైపు తిప్పాలని వాడు గడపని ఉత్తరానికి తిప్పాడు. గడప తిరిగింది. ఇల్లు మాత్రం తూర్పు మొహంగానే వుంది. గడప గుమ్మానికి అడ్డంగా, అలిగిన కోడలిలా పక్కకి తిరిగి కూర్చుంది. సరే, అన్నిటినీ తిప్పుతానని ప్రతి దిమ్మెనీ దాని చోటునే తిప్పాడు. గోడలన్నీ గాలికి తెరుచుకున్న కిటికీ తలుపుల్లా అయిపోయాయి.

ఈసారి పోపులపెట్టె పనికి రాలేదు. నాకు గుర్తొచ్చింది మా నాయన. మా వూళ్ళో పాతకాలంవాళ్ళు దేనికైనా దిక్కులే చెప్పేవాళ్ళు. "ఉత్తరం పక్క చెంబు అందుకో", "కాస్త తూర్పుకి జరిగి కూచో" అని పంక్తిలో కూడా అదే మాట. దిక్కులు మారవు గనుక ఎవరెటు తిరిగి కూర్చున్నా తప్పు పోదు. కాని మేము కొత్త చోటికి వచ్చాక కట్టుకున్న ఇల్లు పడమటి మొహం. నాయన "తూర్పు గూట్లో అగ్గిపెట్టె" అంటే మేము వీధివైపు పరుగెత్తేవాళ్ళం, ఆయన చెప్పేది పెరటివైపు గూడు. అమ్మ తీరు వేరు. "లోపలికి రాంగనే ఎడమచేతి గూట్లో" అనేది. ఇల్లు ఎటు తిరిగినా అమ్మ మాట చెల్లింది, నాయన మాట చెల్లలేదు.

ఇది చెప్పగానే వాడు "ఓహో, గడపకి దాని ఎడమ దానికి, దాని ముందు దానికి వుండాలి" అన్నాడు. సరిగ్గా అంతే. తులసికోట తూర్పుకి ఎనిమిది అని రాసుకోకూడదు, గడపకి ముందు ఎనిమిది అని రాసుకోవాలి. గడప ఉత్తరానికి తిరిగిందా, 'ముందు' అన్న మాటే ఉత్తరానికి తిరుగుతుంది. తులసికోట తానుగా వచ్చి వాకిట్లో నిలబడుతుంది, గోడలు తామూ ఆ తిరుగుడే తిరుగుతాయి. ఈ లెక్కని కంప్యూటరువాళ్ళు ముందే ఆజ్ఞలుగా చేసి పెట్టారుట. వాడు ఆ ఆజ్ఞ వెతుక్కుని వాడాడు. కాని లోపల జరిగేదేమిటో తెలిసి వాడాడు గనుక నాకు సంతోషం.

మర్నాడు పొద్దున మరో తంటా. ఇల్లు ఒక్క గెంతులో కొండ ఎక్కితే బాగా లేదని, నీళ్ళతోపాటు కొంచెం కొంచెంగా, పుట్టిలో ఎక్కించినట్టు కాస్త ఊగుతూ పైకి తేలేలా రాశాడు. పుట్టి అంటే ఏమిటో పట్నంవాళ్ళకి చెప్పాలేమో. వెదురుబద్దలు అల్లి కట్టే గుండ్రటి బుట్టపడవ. మా రేవు దాటడానికి అదే వుండేది. అలా తేలే ఇంటిని రాత్రంతా వదిలేసి పడుకున్నాడు. తెల్లారి చూస్తే మిద్దెకీ గోడకీ మధ్య సన్నటి వెలుగు చార. గవాక్షం వంకర పోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఇల్లు తనంత తానే నెమ్మదిగా విడిపోతున్నది.

దీని కారణం మా అల్లుడు చెప్పాడు. కంప్యూటరు ఏ అంకెనైనా కొన్ని స్థానాల దాకానే దాచుకుంటుంది, తక్కినది వదిలేస్తుంది. ఒకటిని మూడుతో భాగిస్తే మనం 0.333 రాసి ఊరుకోమూ, అలాగ. ఒక్కసారికి ఆ వదిలిన ముక్క కంటికి ఆనదు. వీడు క్షణానికి పదులసార్లు ఇంటిని జరుపుతున్నాడు. జరిపిన ప్రతిసారీ కొత్తగా కొలతలు తీసుకుంటున్నాడు. అంటే అప్పటికే రవ్వంత తప్పిన ఇంటిని కొలిచి, ఆ తప్పునే ఒప్పుగా రాసుకుని, దానిమీద ఇంకో రవ్వ తప్పుతున్నాడన్నమాట.

ఇది నాకు అల్లుడు చెప్పనక్కరలేదు. రవికలు కుట్టించుకునే ప్రతి ఆడదానికీ తెలుసు. దర్జీకి ఎప్పుడూ ఆ మొదటి ఆది జాకెట్టే ఇవ్వాలి. దాన్ని చూసి కుట్టినదాన్ని ఆదిగా ఇచ్చి, మళ్ళీ దాన్ని చూసి కుట్టినదాన్ని ఇచ్చి, ఇలా నాలుగు జాకెట్లు పోయేసరికి అయిదోది చెయ్యి పట్టదు. ఏ దర్జీ తప్పూ చెయ్యలేదు, తలా ఒక నూలుపోగు అంతే! మనవడితో అదే చెప్పాను. ఆట మొదలవగానే ఒక్కసారి కొలతలు తీసి దాచుకో, ఆ తరవాత ఇంటిని ఎన్ని లక్షలసార్లు జరిపినా ఆ చీటీయే చూడు, జరిగిన ఇంటిని మాత్రం కొలవకు. అలాగే చేశాడు. ఆ రాత్రంతా తేలినా ఇల్లు తెల్లవారి అచ్చు గుద్దినట్టు వుంది.

ఇంతకీ ఇదంతా ఆటలోనే కాదు, నిజంగా రాళ్ళతో చేసినవాళ్ళున్నారని వాడికి చెప్పాను. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి చాళుక్యులనాటిది. శివరాత్రికి మేమంతా బండి కట్టుకు పోయేవాళ్ళం. శ్రీశైలం నీళ్ళు వస్తాయనగా ఆ గుడిని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపురానికి తరలించి, మళ్ళీ అదే వరసన పేర్చారు. పాపనాశి గుళ్ళనీ అలాగే తరలించారు. ఇప్పటికీ ఆలంపురం వెళితే చూడవచ్చు. నేను పెళ్ళయిన తరవాత వెళ్ళి చూశాను. ఆ స్తంభం పక్కన ఈ స్తంభం, నా చిన్ననాడు నేను చెయ్యి పెట్టి తడిమిన బొమ్మ అదే ఎత్తున. ఒక్కటే తేడా, చెవికి ఏటి చప్పుడు లేదు. ఇంకో సంగమేశ్వరం వుంది, కర్నూలు వైపు, ఏడు నదుల సంగమమని చెప్పుకుంటారు. అది కదల్లేదు. ఏటా నీళ్ళలో మునిగి, జలాశయం తగ్గినప్పుడు బయటపడి పూజలందుకుంటుంది.

ఈజిప్టులో నైలు నదిమీద అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్ళు మునగబోయాయి. మూడువేల ఏళ్ళ పైచిలుకు కిందట రామ్సెస్ అనే చక్రవర్తి కొండలో తొలిపించిన గుళ్ళవి. యునెస్కో పూనుకుని 1964 నుంచి 1968 దాకా వాటిని వెయ్యికి పైగా ముక్కలుగా కోయించి, 65 మీటర్లు పైకి, సుమారు 200 మీటర్లు వెనక్కి తీసుకుపోయి మళ్ళీ అతికించింది. ఒక్కొక్క ముక్క ఇరవై ముప్ఫై టన్నులు! "అరవై అయిదు! నా ఇంటి ఎత్తే!" అని మనవడు గంతులు వేశాడు. అక్కడ దిక్కు కూడా తప్పనివ్వలేదు. ఏడాదికి రెండుసార్లు పొద్దుటి ఎండ గర్భగుడి దాకా వచ్చి విగ్రహాలమీద పడేట్టు ఆ కాలంవాళ్ళు కట్టారు. కొత్త చోట కూడా ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పడుతూనే వుంది.

మన నాగార్జునకొండ కథ ఇంకో రకం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వున్న లోయ అది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి చూశారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని కొండమీదికి చేర్చారు. ఇప్పుడది నీటి నడుమ దీవి, లాంచీలో వెళ్ళాలి. మెట్ల మెట్ల రంగస్థలంవంటి కట్టడాన్నీ, మరికొన్నిటినీ గట్టున అనుపులో నిలబెట్టారు. ఒక్కొక్క కట్టడంలో ఇటుక పక్క ఇటుక తప్పలేదు. కాని ఏ విహారానికి ఏ స్తూపం ఎంత దూరం, ఏ వీధిన పోతే రంగస్థలం, ఏ మలుపు తిరిగితే ఏరు, అదంతా అడుగునే వుండిపోయింది. ఆ ఇంజనీర్లనీ పండితులనీ నేను తప్పు పట్టడం లేదు. లోయకి లోయని ఎవరెత్తగలరు? ఎత్తినంతమటుకు ఎత్తారు, మనకి మిగిలింది.

ఇది చెబుతూ చెబుతూ వుండగా నాకు తెర వంక చూడాలనిపించింది. మనవడి ఆటలో ఇళ్ళన్నీ కొండ ఎక్కాయి. ఏ ఇల్లూ విరగలేదు. కాని ఆడేవాడు ఏ ఇంటిని ఎక్కడ ఖాళీ వుంటే అక్కడ పెట్టాడు. మా ఇల్లు ఒక కొసన, పక్కింటి పెద్దమ్మ ఇల్లు ఇంకో కొసన. మధ్యలో ఎవరివో తెలియని ఇళ్ళు.

"ఇట్లా కాదురా" అన్నాను.

"ఇల్లు సరిగానే వుంది కదా అమ్మమ్మా?"

ఇల్లు సరిగానే వుంది. మాకూ అలాగే జరిగింది. శ్రీశైలం కింద వంద దాకా వూళ్ళు ఖాళీ అయ్యాయి. మా వూళ్ళో ఎవరికి దొరికిన డబ్బుతో వాళ్ళు, ఎవరికి చుట్టాలున్న చోటికి వాళ్ళు పోయారు. కొందరు కర్నూలు, కొందరు గద్వాల, కొందరు హైదరాబాదుకి కూలికి. మా అమ్మ కొత్త వంటింట్లో పొయ్యి, రోలు, నీళ్ళకుండ పాత వరసలోనే అమర్చుకుంది. ఉప్పు డబ్బా కూడా అదే చేతిపక్క. కాని పాత ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఎడమవైపు తల తిప్పి, "అక్కా, మజ్జిగ తోడు వుందా?" అంటే గోడమీదుగా గిన్నె వచ్చేది. కొత్త ఇంట్లో రెండేళ్ళ దాకా అమ్మ తల అలా తిరుగుతూనే వుండేది. మాట సగంలో ఆపేసేది. నాయన చూడనట్టు వూరుకునేవాడు.

ఇది నేను మనవడితో అన్నానా, లోపలే అనుకున్నానా, గుర్తు లేదు. వాడు కాసేపు గోళ్ళు కొరికి, "అయితే వూరే ఒక గుంపు. ఇళ్ళు అందులో గుంపులు. గుంపులో గుంపు పెట్టొచ్చు" అన్నాడు. ఇంట్లో దిమ్మెలకి గడప పెద్ద. మరి వూళ్ళో ఇళ్ళకి పెద్ద ఎవరు? "మీ వూళ్ళో అన్నీ దేని నుంచి చెప్పేవాళ్ళు?" అని అడిగాడు. నాకు ఆలోచించే పని లేకపోయింది. వేపచెట్టు కింద రచ్చబండ. "రచ్చబండకి ఇవతల", "రచ్చబండ దాటి మూడో ఇల్లు" అని ప్రతిదానికీ అదే లెక్క.

కూర్చున్నాం. రచ్చబండ నుంచి మొదలుపెట్టి మా వీధి చెప్పగలిగాను. ఆడపిల్లని, పన్నెండేళ్ళదాన్ని, అవతలి వీధులు నాకేం తెలుసు? కర్నూల్లో వున్న మా అన్నకి ఫోను చేశాను. ఆయన బడి దాకా చెప్పాడు. బడి వెనక ఏముందో ఆయనకీ సందేహం. గద్వాలలో వున్న ఒక చిన్నాన్న వరస ఆయన నంబరు ఇచ్చాడు. ఆయనకి డెబ్బై ఎనిమిది. మా నాయన పేరు చెప్పగానే, "ఎవరు, మన మిద్దింటి బిడ్డవా?" అన్నాడు. బడి వెనక కుమ్మరి ఆవం, దాని పక్క చింతచెట్టు, చెట్టుకింద కిరాణా కొట్టు. కొట్టుకి ఆనుకుని ఎవరిదిల్లు అంటే, ఆ ఇంటివాళ్ళు మీ పట్నంలోనే, వనస్థలిపురం వైపు ఎక్కడో వున్నారు, వాళ్ళనే అడుగు అన్నాడు. వనస్థలిపురం! మా ఇంటి ముందు బస్సెక్కితే అరగంట. ఇన్నేళ్ళూ తెలియదు.

నాలుగు రోజులు మా ఇంట్లో ఫోను చల్లారలేదు. ఒక వింత గమనించాను. "మీ ఇల్లు రచ్చబండకి ఎన్ని గజాలు?" అంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. "మీ పక్కిల్లు ఎవరిది?" అంటే ఒక్కరూ తడుముకోలేదు. ఒకావిడ అయితే, తమ వాకిట్లో నిలబడితే ఎదురింటి అరుగుమీద ఎవరెవరు కూర్చునేవారో కూడా వరసగా చెప్పింది. మనవడు అవన్నీ రాసుకున్నాడు. ఫలానాకి ఎడమన ఫలానా, దాని వెనక ఫలానా. ఒకచోట మాత్రం పేచీ వచ్చింది. మా ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య సందు వుండేదని మా అన్న, లేదు ఒకటే గోడ అని నేను. సందు వుంటే మజ్జిగ గిన్నె గోడమీదుగా ఎలా వచ్చేదని అడిగాను. "నువ్వన్నది వంటింటి పక్క, నేనన్నది వాకిటి పక్క" అన్నాడాయన. ఇద్దరమూ ఒప్పే.

నిన్న సాయంత్రం మనవడు మీట నొక్కాడు. రచ్చబండ కదిలింది. దాని వెనకాలే వేపచెట్టు, బడి, ఆవం, చింతచెట్టు, మా మిద్దె, పెద్దమ్మ మిద్దె, అరవై ఏడు ఇళ్ళు, ఏ ఒక్కటీ పక్కదాన్ని వదలకుండా, పుట్టిలో ఊగినట్టు ఊగుతూ కొండ ఎక్కాయి. కింద నీళ్ళు పరుచుకున్నాయి. వనస్థలిపురం నుంచి వచ్చిన ఆవిడా, నేనూ సోఫాలో కూర్చుని చూస్తున్నాం. మా చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీట, నాకు మొహం గుర్తు లేదు. ఆవిడకి గుర్తుంది.

అంతా అయ్యాక మనవడు తెరకి దగ్గరగా వంగాడు. కొండకి ఒక పక్కన పదకొండు రాతిమెట్లు బయటికి పొడుచుకు వచ్చి గాలిలో దిగుతున్నాయి. రేవు మెట్లు. వూరితోపాటు వాటినీ గుంపులో కట్టేశాడు. ఏటిని కట్టలేదు.

"అయ్యో, ఇవి తప్పు. తీసెయ్యనా అమ్మమ్మా?" అన్నాడు.

"ఎందుకురా, మేము బట్టలుతికిన మెట్లవి, వుండనీ" అన్నది వనస్థలిపురం ఆవిడ, నేను నోరు తెరిచే లోపలే.